దిగని రౌతు

మజిలీ: రేగుపొదల వాగు

మాటరాయీ, వింటున్నావా? వినకపోతే నీ ఖర్మ. మంద వెనకాల నడిచేవాళ్ళు మజిలీ దిగగానే ఆనాటి సంగతులు నీతో చెప్పాలన్నది మా కట్టుబాటు. ఈ వలసకి నిన్నూ, ఆ పనినీ కలిపి నా మెడకి చుట్టారు. నా పేరు జేగురమ్మ. నడుము పైన ఆడమనిషిని, నడుము కింద జేగురు రంగు గుర్రాన్ని. ఆటగాళ్ళు మమ్మల్ని సెంటార్లంటారు. మేం మాత్రం మందవాళ్ళమనే చెప్పుకుంటాం.

ఆటగాళ్ళ సంగతి తెలుసు కదా. పైలోకం నుంచి వచ్చిపోతుంటారు. ఒక్కొక్కరి నెత్తిమీద పేరు, పేరు పక్కన ఒక అంకె గాల్లో వేలాడుతుంటాయి. ఆ అంకెని లెవెల్ అంటారు. నడవాల్సిన చోట గెంతుతారు. చెప్పాపెట్టకుండా గుడారంలో దూరి, కుండలు పగలగొట్టి, లోపల ఏమైనా ఉందేమోనని చూస్తారు. తిడితే "భలే మాట్లాడుతోంది రా ఇది" అని నవ్వుతారు. ఈ లోకమంతా వాళ్ళకొక ఆటట. ఆడుకోనీ. మాకు మాత్రం సంసారం. గడ్డి ఎక్కడుంటే అక్కడికి పోవాలి, మంచు పడకముందే దక్షిణపు బయళ్ళు చేరాలి.

ఇవాళ జరిగింది చెబుతాను, విను. వాగు దాటుతుంటే నా వెనకకాలి డెక్కలో రేగుముల్లు విరిగింది. మా ఆయన మబ్బయ్యని పిలిచాను. "వస్తున్నా" అన్నాడు. ఆ మనిషి వస్తున్నానంటే రాడని అర్థం. ఇంతలో పొదల్లోంచి ఒక ఆటగాడు వచ్చాడు. గుబురు మీసాలు, కొమ్ముల టోపీ, భుజాన గొడ్డలి. నెత్తిమీద "రణభైరవ 77" అని పేరు, పక్కన లెవెల్ నాలుగు. గొంతు మాత్రం నా ఈడు ఆడమనిషి గొంతు. ఆటగాళ్ళలో ఇది మామూలే, మేం పట్టించుకోం.

"అయ్యో, ముల్లు దిగిందా తల్లీ? ఉండు, కదలకు, తీసేస్తాను" అంది ఆవిడ. నా కాలు ఒళ్ళో పెట్టుకుని నొప్పి తెలియకుండా తీసేసింది. ఇన్ని వలసల్లో ఒక్క ఆటగాడు నన్ను నొప్పిగా ఉందా అని అడిగిన పాపాన పోలేదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

మేలు చేసినవాళ్ళ ముందు ముందుకాళ్ళు రెండూ వంచి తల దించడం మా మర్యాద. నేనూ వంచాను. అదే నా కొంప ముంచింది! వాళ్ళ ఆటలో వంగిన వీపంటే ఎక్కమని పిలవడమట.

"ఓహో, ఎక్కమంటున్నావా!" అని ఆవిడ ఒక్క గెంతులో నా వీపు మీద కూర్చుంది.

కన్నతల్లి కూడా బిడ్డ వీపు మీద చెయ్యి ఆనించి బరువు పెట్టదు మాలో. తేరుకుని నాలుగు దులుపుదామనుకునేసరికి పైనుంచి, "అయ్యో, ఫోనొస్తోంది. ఒక్క నిమిషం!" అని వినబడింది. అంతే, ఆవిడ కొయ్యబారిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి లేదు.

దించేయమని మబ్బయ్య మీద అరిచాను. అతను చెయ్యి వేయబోతే దారిపెద్ద కొండలప్ప అడ్డం వచ్చాడు. మందకి దారి చూపించేదీ, తగువులు తీర్చేదీ అతనే.

"వీపెక్కినవాళ్ళు తమంతట తామే దిగాలి. లాగి దించడం మన ఇంటా వంటా లేదు" అన్నాడు.

నిజమే. ఎప్పుడో మంచు దారిలో ఒక గాయపడ్డ మనిషిని మోయలేక మావాళ్ళు దించేసి వచ్చారట. తిరిగి వెళ్ళేసరికి ఆ మనిషి లేదు. అప్పటినుంచి ఈ కట్టు.

"ఒక్క నిమిషమే అంది కదా జేగురమ్మా, ఓర్చుకో" అన్నాడు కొండలప్ప. సరే, ఓర్చుకుంటున్నాను.

మజిలీ: నల్లరాళ్ళ మిట్ట

ఆ నిమిషం ఇంకా అవలేదు.

వాళ్ళ నిమిషం ఎంతుంటుందని మందలో ఒకటే వాదన. పూటంత ఉంటుందని కొందరు, నెలంత ఉంటుందని కొందరు. మబ్బయ్య అయితే, "నువ్వు తయారవడానికి అడిగే నిమిషం లాంటిదేమో" అన్నాడు. వెనకకాలు విదిలించాను, తప్పించుకున్నాడు.

బరువు సంగతి అలా ఉంచు. కొయ్యబారిన మనిషి ఊరికే ఉంటే బాగుండును. ఉండదే! కాసేపటికోసారి ఆవలిస్తుంది. మీసం దువ్వుకుంటుంది. ఉన్నట్టుండి గొడ్డలి పైకెత్తి, "విజయం మనదే!" అని గావుకేక పెడుతుంది. ఆ కేక మాత్రం మగగొంతు. ఆవిడ అరుస్తున్నది కాదట, ఆ వేషమే అరుస్తుందట. ఎవరు అరిస్తేనేం, నా చెవి కదా గింగురుమనేది.

పొద్దున వియ్యపురాలు ధవళమ్మతో మాటామాటా వచ్చింది. అసలు సంగతి చెప్పలేదు కదూ, నా కూతురు పంచకళ్యాణికి నెలలు నిండాయి. తొలిచూలు. మాలో బిడ్డ పుట్టగానే అమ్మమ్మ పొట్ట కింద చేతులు వేసి నాలుగు కాళ్ళ మీదా నిలబెట్టాలి. బిడ్డ నిలబడగానే మందంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరి నోట ఏ మాట మొదట వస్తే అదే బిడ్డ పేరు. అందుకని అమ్మమ్మే బిడ్డ చెవిలో పేరు చెబుతుంది, మిగతావాళ్ళు నోరు కుట్టుకుంటారు. మా అమ్మ పేరు చంద్రవంక. కళ్యాణి కడుపు పండినప్పటినుంచి, ఆడపిల్లేనని నమ్మి, నేనా పేరు నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అమ్మని దారిలో పోగొట్టుకున్నాను, దారిలోనే మళ్ళీ పిలుచుకోవాలని నా ఆశ.

అమ్మమ్మ దగ్గర లేకపోతే ఆ పని నాయనమ్మది. ధవళమ్మ నా వీపుకేసి చూసి, "ఆ బరువుతో నువ్వేం వంగుతావు వదినా, బిడ్డని నేను నిలబెడతాలే. మా వైపు ఆడపిల్లలంతా ధవళలే" అంది.

"నా ప్రాణం ఉండగా నా మనవరాలిని నువ్వు ముట్టుకోవు" అన్నాను.

"ముట్టుకుంటే ఏం చేస్తావేంటి?" అంది.

నేను ఘాటైన జవాబు ఒకటి వెతుక్కుంటున్నాను. ఈలోపు పైనుంచి, "విజయం మనదే!" అని కేక. ధవళమ్మ అదిరిపడి ముళ్ళకంపలోకి పోయింది. ఒట్టు, ఆ ఒక్కసారికి నాకు రౌతు మీద కాస్త అభిమానం కలిగింది.

మజిలీ: సరిహద్దు రాళ్ళు

ఏం చెప్పను రాయీ, నా నుదుట ఏం రాసుందో!

సరిహద్దు రాళ్ళు దాటితే దక్షిణపు బయళ్ళు. పుట్టినప్పటినుంచీ ప్రతి వలసకీ ఈ రాళ్ళ మధ్యనుంచే పోతున్నాను. కొండలప్ప దాటాడు. కళ్యాణి మెల్లగా దాటింది. ధవళమ్మ తోక ఊపుకుంటూ దాటింది. నేను అడుగు వేశాను, ఠపీమని ముక్కు దేనికో కొట్టుకుంది. ఎదురుగా గాలి తప్ప ఏమీ లేదు. ఆకాశంలో అక్షరాలు వెలిగాయి: "మీ లెవెల్ చాలదు. కావలసినది 30."

నాకు లెవెలేమిటి! అప్పుడు తెలిసింది. ఆ చెత్త గోడకి నేను కనబడటం లేదు. నా మీద కూర్చున్నావిడే కనబడుతోంది. ఆవిడ మనిషట, నేను వాహనమట. రౌతుకి పోరాని చోటికి వాహనమూ పోరాదట. నాలుగెక్కడ, ముప్ఫై ఎక్కడ?

మందంతా వెనక్కి వచ్చింది. ముట్టుకుని దించకూడదు కానీ, ఆవిడంతట ఆవిడే దిగేలా చేయకూడదని కట్టులో లేదుగా. చెవిలో శంఖం ఊదారు. అరికాళ్ళలో గడ్డిపరకతో చక్కిలిగిలి పెట్టారు. మబ్బయ్య తెలివిగా ఎండుమిరపకాయలు తెచ్చి నిప్పుల మీద వేసి నా కింద పెట్టాడు. పొగకి తుమ్మి దిగుతుందని ఆయనగారి ఎత్తు. మంద మొత్తం తుమ్మింది. కొండలప్ప తుమ్మి తుమ్మి చతికిలబడ్డాడు. నా కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఆవిడ మీసం దువ్వుకుంది.

చివరికి కొండలప్ప మెల్లగా చెప్పాడు. "ఇక్కడ గడ్డి అయిపోయింది జేగురమ్మా. ఉత్తరాన మబ్బు చూశావుగా, మంచు వస్తోంది. ఆగితే పిల్లాజెల్లా పోతారు. మేం మెల్లగా సాగుతాం. పాలచెట్ల లోయలో కళ్యాణి కాన్పుకి ఆగుతాం. అది కనేలోపు నువ్వు ఎలాగో వచ్చి కలువు."

కళ్యాణి నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. "నువ్వు రాకపోతే నేను కననే అమ్మా."

"కనకుండా ఆపుకోవడానికి అదేమన్నా తుమ్మా? పిచ్చిదానా, నడు. నేనొస్తాను" అన్నాను. నాకూ ఏడుపొచ్చింది, దాని ముందు ఏడవలేదు.

మంద వెళ్ళిపోయింది. జన్మలో మొదటిసారి, మంద రేపిన దుమ్ము నన్ను వదిలి ముందుకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒళ్ళు మండి, ఎటు పోతున్నానో చూడకుండా రాళ్ళ వెనకాల బాట తప్పి నడిచాను. అక్కడొక తామరల మడుగుంది. గట్టు మీద కాలు పెట్టానో లేదో, బాకాలు మోగాయి. ఆకాశంలో, "కొత్త చోటు కనుగొన్నారు: మాయాసరోవరం" అని అక్షరాలు. తలెత్తి చూస్తే ఆవిడ పేరు పక్కన నాలుగు పోయి అయిదు వచ్చింది!

బాటమీది చోట్లన్నీ ఆవిడ ఇదివరకే చూసేసినట్టుంది. బాట తప్పిన చోట్లు చూడలేదు. కొత్త చోటు చూపిస్తే చాలు, రౌతు నిద్రపోతున్నా లెవెల్ పెరుగుతుంది.

చోట్లు! మాకు తెలిసిన చోట్లు ఇంకెవరికి తెలుసు? నాకు నవ్వొచ్చింది. వెనక నుంచి డెక్కల చప్పుడు. చూస్తే మబ్బయ్య.

"నువ్వు మందతో పోలేదా?" అన్నాను.

"వస్తున్నా అన్నానుగా" అన్నాడు.

మజిలీ: మజిలీ లేదు, నిలబడే చెబుతున్నాను

తిరుగుతున్నాం రాయీ, తెగ తిరుగుతున్నాం. నేనూ, మబ్బయ్యా, నా మీద రణభైరవా. వాగులూ వంకలూ, గుహలూ గుట్టలూ ఒక్కటి వదలడం లేదు. పగలంతా నడక, ఎండుగడ్డి నమలడం, మళ్ళీ నడక. వీపు పుండైంది. మబ్బయ్య ఆకుపసరు రాస్తున్నాడు. "వీపెక్కించుకున్నదానికి నా చేత పసరు రాయించుకోవడమొకటి" అని సణుగుతాడు, రాయడం మాత్రం మానడు.

తమాషా ఏమిటంటే, ఆకాశం మా చోట్లకి పెట్టిన పేర్లు. మేం పెళ్ళైన కొత్తలో దెబ్బలాడుకుని రెండు పూటలు మాట్లాడుకోని గుట్ట ఉంది. దానిమీద కాలు పెట్టగానే బాకాలు మోగి "శాశ్వత ప్రేమ శిఖరం" అని పడింది.

"ఎవడు పెట్టాడే ఈ పేరు?" అని మబ్బయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు నన్ను కిందకి తోసింది ఈ శిఖరం మీంచే."

"అప్పుడే సరిగ్గా తోసుండాల్సింది" అన్నాను.

కళ్యాణి పుట్టి, నిలబడి, మొదటి అడుగులు వేసిన పల్లం దగ్గరికి కూడా వెళ్ళాం. అక్కడ దాన్ని మా అమ్మ నిలబెట్టింది. "మృత్యులోయ" అని అక్షరాలు వచ్చాయి. నాకు చెడ్డ కోపం వచ్చింది. ఆకాశం మీదికి రాయి విసిరాను. అది తిరిగొచ్చి మబ్బయ్యకి తగిలింది.

అయినా ఆ పల్లంలో కాసేపు ఆగాను. మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. బిడ్డ పొట్ట కింద చేతులు వేసేటప్పుడు ఎంత వణికాయో, బిడ్డ నిలబడ్డాక ఎంత స్థిరంగా ఉన్నాయో. ఆ పని నా చేతులతో చేయకుండా ఈ గోడకి ఇవతలే ఉండిపోతానా?

"ఏడిస్తే ఏడువు, చూసేవాళ్ళెవరున్నారు" అన్నాడు మబ్బయ్య.

ఏడ్చాను. పైన ఆవిడ "విజయం మనదే!" అంది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చి పొలమారింది.

ఇప్పుడు లెవెల్ ఇరవై తొమ్మిది. ఇంకొక్కటి కావాలి. చోట్లు మాత్రం అయిపోయాయి. పొద్దున్నుంచి సన్నగా మంచు పడుతోంది.

మజిలీ: చెప్పుకుంటే సిగ్గుచేటు

ఇది ఎవరికీ వినిపించకు రాయీ, నీకు పుణ్యముంటుంది.

"ఒక్క చోటు మిగిలింది" అన్నాడు మబ్బయ్య.

"ఎక్కడ?"

"చెబితే తంతావు."

"చెప్పు."

"కోటపేట లాయం."

తన్నాను.

మేం కప్పు కింద నిలబడం. గుడారం సామానుకీ పసిబిడ్డలకే. ఊళ్ళలోకి పోం, కంచె దాటం. అందులోనూ లాయం! గుర్రాల్ని కట్టేసే చోటు! మా పూర్వీకుల్లో ఎవరైనా వింటే మంచులోంచి లేచొచ్చి నన్ను వెలేస్తారు. కానీ కళ్యాణి ముఖం కళ్ళ ముందు మెదిలింది. "పద, త్వరగా కానిద్దాం" అన్నాను.

తల వంచుకుని కోటపేట వీధిలో నడుస్తుంటే ఊళ్ళో ఆటగాళ్ళంతా చుట్టూ చేరారు. "వావ్, సెంటార్ మౌంట్! ఎక్కడ దొరికింది బాసూ?" అని నా రౌతుని అడుగుతున్నారు. మౌంటంటే వాహనమట. ఆవిడ ఆవలించింది. "చూశావా, ఎంత పొగరో" అనుకుంటూ పోయారు.

లాయం యజమాని ఈ లోకం వాడే. కానీ పాపం, వాడికి తెలిసిన మాటలు కొన్నే. నా వైపు చూడనైనా చూడకుండా, "రండి దొరా! మీ గుర్రానికి దాణా, నీళ్ళు, విశ్రాంతి!" అన్నాడు.

"నాతో మాట్లాడవయ్యా, నాకు నోరుంది" అన్నాను.

"రండి దొరా! మీ గుర్రానికి దాణా, నీళ్ళు, విశ్రాంతి!"

వాడితో వాదించి లాభం లేదు. ముక్కు మూసుకుని లోపలికి అడుగు పెట్టాను. రెండు పక్కలా గుర్రాలు నన్ను చూసి, నడుము పైభాగం చూసి, జాలిగా తలలు తిప్పుకున్నాయి. యజమాని నా ముందు ఉడకబెట్టిన ఉలవల తొట్టి పెట్టాడు. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. ఉలవలు చాలా బాగున్నాయి, ఆ సంగతి మందలో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఇంతలో వాడు మబ్బయ్య పిర్ర మీద చరిచి, "మంచి జాతే దొరా, కాస్త వయసు మళ్ళింది" అన్నాడు.

మబ్బయ్య ముఖం చూడాలి! నవ్వు ఆపుకోలేకపోయాను. దాణా తింటేగానీ ఆ చోటు లెక్కలోకి రాదేమో, అప్పుడు మోగాయి బాకాలు. "కొత్త చోటు కనుగొన్నారు: కోటపేట లాయం." తలెత్తి చూశాను. ముప్ఫై!

కంచె మీంచి దూకి ఊరు దాటాం. "వయసు మళ్ళిందట, వయసు! వాడి కళ్ళు మళ్ళాయి" అని మబ్బయ్య దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

మజిలీ: సరిహద్దు అవతల

దాటాను! గాలి గాలిలాగే ఉంది. ముక్కుకి ఏమీ తగల్లేదు.

రెండు మైళ్ళు పోయామో లేదో, నేల అదిరింది. కాన్పు నొప్పులు మొదలైతే మందంతా ఒక్కసారిగా నేల తొక్కుతుంది. ఎంత దూరాన ఉన్నా ఆ అదురు డెక్కలకి తెలుస్తుంది. కళ్యాణికి మొదలైంది. నేను దౌడు అందుకున్నాను. మబ్బయ్య వెనక పడిపోయాడు.

సరిగ్గా అప్పుడు పైన ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నట్టయింది.

"అయ్యో! ఇదేంటి, నేనింకా ఇందులోనే ఉన్నానా? లెవెల్ ముప్ఫై ఏంటి!" ఆడగొంతు. ఆవిడ వచ్చేసింది.

అదే క్షణంలో నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. రౌతు మేలుకుంటే వాహనం రౌతుదే కదా! ముందుకి పొమ్మంటే కుడికి తిరిగాయి. గిర్రున మూడు చుట్లు తిరిగి, ఒక చెట్టుకి గుద్దుకుని, ఆ చెట్టులోకే నడుస్తూ నిలబడ్డాయి.

"ముందుకి ఏ బటనో మర్చిపోయానమ్మా" అంది ఆవిడ.

ఇక ఆగలేదు రాయీ. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా కక్కేశాను. ఒక్క నిమిషమని చెప్పి ఊరేగిన తీరూ, పుండైన వీపూ, మిరపపొగా, లాయమూ, అన్నీ. "నువ్వసలు మనిషివేనా? అక్కడ నా కూతురు కంటోంది. బిడ్డని నిలబెట్టాల్సిన దాన్ని నేను, ఇక్కడ చెట్టుకి తల బాదుకుంటున్నాను!" అని అరిచాను.

పైనుంచి మెల్లగా వినబడింది.

"తప్పైపోయిందమ్మా. నా పేరు హైమవతి. ఆ రోజు ఫోన్ మా అమ్మాయి గురించే. నెల ముందే నొప్పులొచ్చాయి. ఉన్నపళంగా ఆస్పత్రికి పరిగెత్తాను. పురుడు, ఆ తర్వాత బారసాల. వెనకగదిలో ఈ మిషను ఆపలేదన్న ధ్యాసే లేదు. కరెంటు బిల్లు చూసి మా ఆయన కేకలేస్తే గుర్తొచ్చింది."

నా కోపం సగం చల్లారిపోయింది. "ఏం బిడ్డ?"

"ఆడపిల్ల."

"నిలబెట్టావా?"

"నిలబెట్టడమా? మా పిల్లలు నిలబడటానికి ఏడాది పడుతుందమ్మా."

"ఏడాదే!" నాకు నిజంగా జాలేసింది. ఏడాదిపాటు నడవలేని బిడ్డతో ఎలా వలస పోతారో ఏమిటో.

"మరి నా ఈడుదానివి, ఈ మీసాలేంటి, ఈ గొడ్డలేంటి?" అని అడిగాను.

"మోకాళ్ళు అరిగిపోయాయి. అక్కడ నాలుగు మెట్లు ఎక్కలేను, కింద కూర్చుంటే లేవలేను. ఇక్కడైతే గెంతుతాను" అంది. వెంటనే గొంతు మార్చి, "అయినా అక్కడ కాన్పవుతుంటే నాతో కబుర్లేంటి నీకు? దిగమంటావా, దిగిపోతాను. దారి చెబితే నేనే నడుపుతాను. లేదా చేతులు తీసేస్తాను, నువ్వే పో" అంది.

ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట కోసమే ఎదురు చూశాను. దిగమంటే దిగిపోతుంది. కానీ చుట్టూ పులులు తిరిగే బయలు. ఒక్కదాన్నే వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. దించేసి పోయి వెనక్కొచ్చేసరికి మనిషి లేని కథ చిన్నప్పటినుంచి వింటున్నదాన్ని.

"చేతులు తీసేయ్ వదినా, గట్టిగా కూర్చో" అన్నాను.

నా కాళ్ళు నాకొచ్చాయి. అంత దౌడు నేను వయసులో కూడా తీయలేదు.

మజిలీ: పాలచెట్ల లోయ

చెప్పే ఓపిక లేదు, అయినా చెబుతాను.

లోయలోకి దిగేసరికి బిడ్డ గడ్డిలో పడి ఉంది. జేగురు రంగు, నుదుట తెల్లబొట్టు. ఆడపిల్ల! ధవళమ్మ అప్పుడే చేతులు చాపుతోంది. "వదినా, చెయ్యి తియ్యి!" అని నేను పెట్టిన కేకకి లోయ అవతల కాకులు లేచాయి. కళ్యాణి తలెత్తి చూసింది. చెమటతో తడిసిన ముఖం, నన్ను చూసి నవ్వింది.

వంగబోయాను. వీపు పట్టేసింది, పడిపోతాననిపించింది. హైమవతి ఎవరూ చెప్పకుండానే దిగింది. మందంతా చూస్తుండగా తనంతట తానే దిగింది. కట్టు తీరిపోయింది. గొడ్డలి అవతల పారేసి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కడ పట్టుకోను?" అంది.

"వెనకకాళ్ళు జారకుండా చూడు."

తను వెనక పట్టుకుంది. నేను పొట్ట కింద చేతులు వేశాను. నా చేతులు మా అమ్మ చేతుల్లాగే వణికాయి. ఒకసారి కూలబడింది, మళ్ళీ లేపాం. ముందుకాళ్ళు నిలిచాయి. వెనకవి అటూ ఇటూ ఊగి, అవీ నిలిచాయి. నిలబడింది నా తల్లి! నా కాళ్ళ మీద నేను నిలబడ్డప్పుడు కూడా అంత సంతోషపడి ఉండను.

మందంతా ఊపిరి బిగబట్టింది. ధవళమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. అప్పుడే చేరిన మబ్బయ్య రొప్పు కూడా ఆపుకున్నాడు. అందరి కళ్ళూ రణభైరవ మీసాల మీదే. ఎక్కడ గొడ్డలి కేక పెడుతుందోనని భయం. గొడ్డలి దూరంగా ఉంది. ఆవిడ మెలకువగానే ఉంది. నేను బిడ్డ చెవి దగ్గరికి వంగాను. చంద్రవంక అన్న మాట పెదవి దాకా వచ్చింది.

"అయ్యో, పాప ఏడుస్తోంది. ఒక్క నిమిషం!" అంది హైమవతి. కొయ్యబారిపోయింది.

కొండలప్ప గొంతు సవరించుకున్నాడు. కట్టు కట్టే కదా, దారిపెద్ద ఏం చేస్తాడు పాపం.

"మందకి కొత్త బిడ్డ వచ్చింది" అని ప్రకటించాడు. "పేరు ఒక్కనిమిషం."

నేను రణభైరవ మెడ పిసకడానికి ఒక అడుగు వేసిన మాట నిజం. రెండో అడుగు పడలేదు. ముందు కళ్యాణి కిసుక్కుమంది. తర్వాత ధవళమ్మ. ఆ తర్వాత మందంతా నేల తొక్కుతూ నవ్వింది. "ఒక్కనిమిషం! ఇలా రావే" అని కళ్యాణి పిలిచింది. అది వెంటనే రాలేదు. నాలుగు కాళ్ళనీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుని, తీరిగ్గా ఆలోచించి, అప్పుడొచ్చింది. అచ్చం మా అమ్మ నడక. పేరు ఏదైతేనేం, మనిషి వచ్చింది. నేను ఏడుస్తూ నవ్వాను.

కాన్పు అయిన చోట మంద పొద్దుగుంకేదాకా ఉండదు. నెత్తురు వాసనకి తోడేళ్ళు వస్తాయి. కొండలప్ప కదలమన్నాడు. అందరూ సర్దుకున్నారు. రణభైరవ మాత్రం గడ్డిలో మోకాళ్ళ మీద అలాగే ఉంది. చేతులు ఇంకా బిడ్డ కాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నాయి.

"దిగిపోయింది కదా, ఇక నీకు బాధ్యత లేదు జేగురమ్మా" అన్నాడు కొండలప్ప.

"లాగి దించకూడదని కట్టుంది. ఎత్తి ఎక్కించకూడదని ఉందా?" అని అడిగాను.

"అలాంటిదేం లేదు" అన్నాడు, బుర్ర గోక్కుంటూ.

నేను ఆవిడ ముందుకెళ్ళి ముందుకాళ్ళు రెండూ వంచాను. ఈసారి తెలిసే వంచాను. మబ్బయ్యని పిలిస్తే ఎప్పుడూ లేనిది ఒక్క పిలుపుకే వచ్చాడు. అతనూ ధవళమ్మా కలిసి ఆవిడని నా వీపు మీద కూర్చోబెట్టి, గొడ్డలి చేతికిచ్చారు. పుండు మీద పసరు ఇంకా ఆరలేదు.

"ఎన్నాళ్ళు మోస్తావే?" అన్నాడు మబ్బయ్య.

"ఒక్క నిమిషమేగా" అన్నాను.

నా పక్కన మనవరాలు తడబడుతూ నడుస్తోంది. పది అడుగులు వేశామో లేదో, పైనుంచి కేక.

"విజయం మనదే!"

"మనదేలే వదినా, గట్టిగా పట్టుకో" అన్నాను.